చిన్నరాజుకి ఇరవై రెండేళ్ళు

వ్యాను రెడ్డిగూడెం దాటి, వీరరాఘవయ్య గారి మామిడితోటలో కాయల షెడ్డు ముందు ఆగేసరికి పొద్దున తొమ్మిదైంది. అప్పటికే వడగాలి మొదలైంది. పార్వతి వెనక తలుపులోంచి కిందికి దూకి, లోపల కూర్చున్న మేనమామ బుచ్చయ్యకి చెయ్యందించింది. ఆయన చెయ్యి పట్టుకోలేదు. ముందు హార్మోనియం పెట్టె అందించాడు. దాన్ని ఆమె నీడలో దించి వచ్చాకే తను దిగాడు.

షెడ్డులో సగం కాయలు, సగం గడ్డి. పదిమంది ఆడవాళ్ళు బారుగా కూర్చుని చిన్నరసాలు ఏరుతున్నారు. మచ్చ పడ్డవి ఒక పక్కకి, తొడిమ ఊడినవి ఇంకో పక్కకి. అవతలి మూల ఖాళీ చేసిన చోటు నాటకం వాళ్ళకి బస. పార్వతి ట్రంకుపెట్టె లాక్కుంటూ లోపలికి రాగానే, బారు చివర కూర్చున్న వెంకాయమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని చూసింది.

"నువ్వు చిన్నరాజువి కదూ?"

ఏ ఊళ్ళో దిగినా ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. పార్వతి నవ్వి, "అవునమ్మా" అంది.

"ఓసి నా తల్లే! మా పెద్దోడు కడుపులో ఉండగా చూశా నిన్ను. గుడ్డి రాజుని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటా వచ్చావు. 'నాన్నగారూ, ఇటు అడుగెయ్యండి' అన్నావు చూడూ, ఆడోళ్ళం అందరం వెక్కి వెక్కి ఏడిశాం." వెంకాయమ్మ లేచి, సొన కాలి నల్లబడిన చేతులు చీరకి తుడుచుకుని, పార్వతి బుగ్గలు రెండూ పట్టుకుంది. "అప్పుడెంతున్నావో ఇప్పుడూ అంతే ఉన్నావే!"

పార్వతి నవ్వు సగంలో ఆగింది.

ఆ నాటకం వాళ్ళ నాట్యమండలి సొంతంగా రాయించుకున్నది. శత్రువులు కళ్ళు పొడిచి అడవిలోకి వెళ్ళగొట్టిన రాజుని, ఏడేళ్ళ కొడుకు ఊరూరా పాట పాడి అడుక్కొచ్చి పోషిస్తాడు. పార్వతి ఆ కొడుకు వేషం ఆరో ఏట కట్టింది. పదిహేడు నిండేదాకా విప్పలేదు.

ఇప్పుడు నాటకానికి పిలిచేవాళ్ళు లేరు. మండలి అప్పారావు చేతికి వచ్చాక రికార్డింగ్ డాన్సుల ట్రూపు అయింది. ఈ అయిదేళ్ళూ పార్వతి వెనక వరసలో డాన్సు చేసింది. ముందుకొచ్చి ఒక్కతే చేస్తానని పోయిన నెల్లో తనే అడిగింది. క్లబ్బు పాట, ఎర్ర జాకెట్టు, మోకాళ్ళ దాకా చమ్కీల గౌను. అప్పారావు వెంటనే ఒప్పుకున్నాడు. అంత వెంటనే ఎందుకు ఒప్పుకున్నాడో ఆ పొద్దున గాని తెలియలేదు.

"ఆదివారం తిరునాళ్ళ" అన్నాడు అప్పారావు, మంచినీళ్ళ చెంబు ఎత్తి గడగడా తాగి. "కుర్రాళ్ళు డాన్సు కావాలన్నారు. పెద్దాళ్ళు నాటకం ఉంటేనే స్టేజీ ఇస్తామన్నారు. సరే, ముందొక అరగంట చిన్నరాజు సీను, తరవాత డాన్సులు. ఊరంతా మైకు కూడా తిప్పించేశా."

"చిన్నరాజు ఎవరు?" అంది పార్వతి.

"ఎవరేంటి? నువ్వే. అదే గదా తమాషా." అప్పారావు మోకాళ్ళ మీద కూర్చుని, రహస్యం చెబుతున్నవాడిలా చేతులు తిప్పాడు. "ఆఖరి పద్యం అవుతుంది. ఆడాళ్ళంతా ఏడుస్తుంటారు. నువ్వలాగే నిలబడి తలపాగా లాగి పారేస్తావు. జడ కిందికి జారుద్ది. అప్పుడు మనం రికార్డు పెడతాం. ఇంక చూస్కో, ఈలలే ఈలలు."

"ఆ వేషంలోంచా?"

"ఆ వేషంలోంచే."

"నేను చెయ్యను. డాన్సు చేస్తాను. ఎంతసేపైనా చేస్తాను. పసివాడి వేషంలో నిలబడి ఈలలు వేయించుకోను."

అప్పారావు ఆమెతో వాదించలేదు. బుచ్చయ్య వైపు తిరిగి, "మీరు చెప్పండి మేస్టారూ. డాన్సుకైతే టేపురికార్డరు చాలు నాకు" అని వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు.

బుచ్చయ్య హార్మోనియం మీద దుమ్ము తుడుస్తున్నాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు.

"అరగంటే కదే" అన్నాడు తలెత్తకుండా. "ఆఖరిసారి."

శనివారం మధ్యాహ్నం దాకా పార్వతి షెడ్డు వెనక రేకుల పంచలో ప్రాక్టీసు చేసింది. టేపురికార్డరు ఒక గంప మీద పెట్టి, పాట ఒక్కో ముక్కా ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ, నడుం కదలిక కుదిరేదాకా చేసింది. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. ఏరుడు పని మధ్యలో నీళ్ళకని వచ్చిన ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇద్దరు వెళ్ళిపోయారు. వెంకాయమ్మ మాత్రం గోడకి ఆనుకుని పాట అయ్యేదాకా చూసింది.

"అట్టా తిప్పితే నడుం నెప్పెట్టదా అమ్మాయ్?"

"మొదట్లో పెట్టింది. ఇప్పుడు హాయిగా ఉంది."

"సిగ్గెయ్యదా మరి?"

పార్వతి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఆలోచించింది. "జనం మొహాలు చూస్తే వేస్తుంది. చూడకుండా చేస్తే వెయ్యదు. ఊపిరి పొట్ట దాకా వెళ్ళి వస్తుంటే, నా ఒళ్ళు ఇంత పెద్దదా అనిపిస్తుంది."

వెంకాయమ్మ అయిదడుగులైనా లేని ఆ మనిషిని పైనుంచి కింది దాకా చూసి, "పెద్దదే" అంది. పరాచికమాడుతోందో, నిజంగానే అందో తెలియలేదు.

మూడు గంటలకి వీరరాఘవయ్య గారి భార్య సీతారావమ్మ వచ్చింది. తోటలో నడిచి రావడంతో ఆవిడ మొహం ఎర్రబడింది. వెనక పనిమనిషి ఇన్నమ్మ పళ్ళ బుట్ట, ఒక గుడ్డల పొట్లం పట్టుకొచ్చింది. ఆడవాళ్ళు లేచి నిలబడితే, "కూర్చోండర్రా, మీ పని మీరు చూసుకోండి" అని, పార్వతి పక్కన గోనెపట్టా మీదే కూర్చుంది.

"నన్ను గుర్తుపట్టలేవులే. నీకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంట్లోనే భోజనం పెట్టాను. వేషం తియ్యకుండా తీసుకురమ్మని మీ మావయ్యని అడిగాను. పళ్ళెంలో నీ కాళ్ళు కడిగాను." ఆవిడ పార్వతి పాదాల వైపు చూసింది. "మాకు పిల్లల్లేరు. ఆ రాత్రి నీకు కలిపి పెడుతుంటే నాకు ఎలా ఉందో నీకేం తెలుసు!"

"గుర్తుంది అమ్మగారూ. గారెలు పెట్టారు."

"ఆఁ, గారెలే!" సీతారావమ్మ మొహం వికసించింది. పొట్లం విప్పింది. పట్టు అంగీ, చిన్న జరీపంచె, ఎర్ర తలపాగా. "నువ్వొస్తున్నావని మైకులో విన్నాక నిన్ననే దర్జీని కూర్చోబెట్టి కుట్టించాను. ఏడేళ్ళ పిల్లాడి కొలతని చెప్పాను, నీకైతే సరిపోతుందని." పార్వతి చెయ్యి పట్టుకుంది. "ఇది వేసుకో. ఆ గంతులు మాత్రం వద్దమ్మా. దేవుడి బిడ్డలా చూశాం నిన్ను. ఎవరో తాగుబోతులు నిన్ను చూసి కేకలు వేస్తుంటే నేను వినలేను. అప్పారావుతో మా ఆయన మాట్లాడతారు. నువ్వు మా ఇంట్లో ఉండిపో. మంచి సంబంధం చూసి పంపిస్తాను."

ఆవిడ మాటల్లో కల్లాకపటం లేదు. పార్వతి అంగీ తీసి భుజాలకి ఆనించి చూసుకుంది. చేతులు రెండంగుళాలు తక్కువ. అంతే. పట్టు అంచు మీద బొటనవేలితో నిమిరి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మగారూ, నాకు పదమూడేళ్ళు వచ్చాక కూడా నేను చిన్నరాజునే. ఎలా ఉన్నానో మీకు తెలుసా?"

"ఎలా ఏంటమ్మా?"

"రాత్రి అన్నం పెట్టేవారు కాదు. మజ్జిగే. ఎదుగుతానని. ఆట ఉన్నరోజు అంగీ కింద నార తాడుతో, గుడ్డతో చుట్టి బిగించేవాళ్ళు. ఒక్కోసారి ఆట వరసగా నాలుగు రోజులుంటే విప్పే తీరిక కూడా ఉండేది కాదు." జాకెట్టు అంచు కొంచెం పైకి జరిపి, పక్కటెముకల మీద నల్లటి చారలు రెండు చూపించింది. బండి కాడి పడిన ఎద్దు మెడ మీది కాయలాగా అక్కడ చర్మం మొద్దుబారిపోయి ఉంది. "గుడ్డి రాజు చెయ్యి పట్టుకుని నడుస్తుంటే ఊపిరాడక కళ్ళ వెంట నీళ్ళొచ్చేవి. ఎంత బాగా ఏడుస్తోందో అనేవారు."

గడ్డిలో కాయలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. సీతారావమ్మ ఆ చారల వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుంది.

"ఎవరే ఆ పని చేసింది?" అంది. "ఎవరు కట్టేవాళ్ళు?"

పేర్చిన గంపల అవతల బుచ్చయ్య ఉన్నాడు. ఆయన హార్మోనియం మెట్లు ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటున్న చప్పుడు అప్పటిదాకా వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు వినిపించడం లేదు.

"ఎవరో ఒకరు కట్టేవారు లెండి" అంది పార్వతి.

సీతారావమ్మ అంగీ, పంచె, తలపాగా ఒక్కొక్కటే మడిచింది. మడత సరిగ్గా రాకపోతే విప్పి మళ్ళీ మడిచింది. పొట్లం ఇన్నమ్మకి ఇవ్వకుండా తనే చంకలో పెట్టుకుని, పళ్ళబుట్ట మాత్రం అక్కడే వదిలి, ఎండలోకి నడిచి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే వీరరాఘవయ్య కమిటీ వాళ్ళతో వచ్చాడు. మనిషి సౌమ్యుడే, గొంతు పెంచడు. "చూడమ్మాయ్, తిరునాళ్ళ అమ్మవారిది. నాటకం లేకుండా ఒట్టి డాన్సులంటే ఊళ్ళో నేను తలెత్తుకోలేను. చిన్నరాజు సీను ఉంటే స్టేజీ ఉంటుంది, లేదంటే మీరు వ్యానెక్కండి. మీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

ట్రూపులో ఉన్న తొమ్మిదిమందీ పార్వతి వైపు చూశారు. ఆమె బుచ్చయ్య కోసం చూసింది. ఆయన బావి దగ్గర ఉన్నాడు. తెల్ల లాల్చీ ఉతికి, జామకొమ్మ మీద ఆరేసి, ముడతలు పడకుండా అంచులు లాగుతున్నాడు. రెండేళ్ళయింది ఆయన జనం ముందు హార్మోనియం పట్టి. ఆ లాల్చీ రెండేళ్ళుగా పెట్టె అడుగునే ఉంది. ఆరిన లాల్చీని మోకాలి మీద వేసుకుని, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు.

పార్వతి అది చూసి లోపలికి వచ్చింది. ట్రంకుపెట్టె తీసి, అడుగున ఉన్న పాత అంగీ బయటికి లాగింది.

"వేస్తాను" అంది అప్పారావుతో. "కానీ పద్యం అవగానే నేను లోపలికెళ్ళి మార్చుకుని వస్తాను. ఆ తరవాతే రికార్డు."

"సరేలే, అట్టాగే కానీ" అన్నాడు అప్పారావు.

సాయంత్రం ఏడింటికి స్టేజీ ముందు జనం నిండిపోయారు. ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, ముందు వరస కుర్చీల్లో వీరరాఘవయ్య దంపతులు. తెర వెనక టార్పాలిన్ చాటున పార్వతి చేతులు పైకెత్తి నిలబడింది. మూరల కొద్దీ పాత చీర ముక్క పట్టుకుని వెంకాయమ్మ ఆమె చుట్టూ తిరుగుతోంది. ఆ పనికి ట్రూపులో ఆడవాళ్ళెవరూ రాకపోతే, కాయల గంపలు కట్టే చెయ్యి కదా అని పార్వతే ఆమెని పిలిచింది.

"ఇంకా బిగించమ్మా."

"ఊపిరాడుద్దా?"

"ఆడకూడదు. ఆడకపోతేనే గొంతు సన్నగా వస్తుంది."

వెంకాయమ్మ ఇంకొక్క చుట్టు బిగించి, ముడి వెయ్యబోయి వెయ్యలేక, గుడ్డ కొసలు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయింది. "నావల్ల కాదు తల్లే. నువ్వే ఏసుకో" అంది. పార్వతి వెనక్కి చేతులు పెట్టి, చూసుకోకుండానే ముడి వేసుకుంది.

టార్పాలిన్ అవతల బుచ్చయ్య హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ లాల్చీ, నుదుట విభూతి. టార్పాలిన్ ఇవతలి మాటలు ఆయనకి వినిపించాయి. ఆ వెంటనే, ఇంకో పక్కనుంచి, అప్పారావు రికార్డు పెట్టే డేవిడ్ రాజుతో గుసగుసగా చెప్పడం కూడా వినిపించింది: "పద్యం అవడం ఆలస్యం, రికార్డు పెట్టెయ్. అది లోపలికెళ్ళే టైమివ్వకు."

తెర లేచింది. జనం సద్దు మణిగింది. పార్వతి తలపాగా సవరించుకుని పక్కన నిలబడింది. ఆమె స్టేజీ మీదికి అడుగు పెట్టాలంటే బుచ్చయ్య శ్రుతి ఇవ్వాలి. ఆయన ఎడమచెయ్యి హార్మోనియంకి గాలి కొట్టే వెనక రేకు మీద ఉంది. అది కదలలేదు. ఆమె వైపు చూశాడు. పదకొండేళ్ళ పాటు ఆ పక్కనుంచే, ఆ వేషంలో ఆమెని చూశాడు. ఇప్పుడు ఆమె భుజాలు పైపైనే ఎగసిపడుతుండడం, పెదవులు తెరుచుకుని ఉండడం చూశాడు.

"శ్రుతి, మావయ్యా" అంది ఆమె మెల్లగా.

బుచ్చయ్య హార్మోనియం మూత వేశాడు. లేచి, పంచె సర్దుకుని, స్టేజీ మధ్యకి వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. జీవితంలో ఆయన ఎప్పుడూ మైకులో మాట్లాడలేదు. మరీ దగ్గరగా నిలబడడంతో మొదటి మాట బొంగురుగా మోగింది.

"అయ్యా, అమ్మా, క్షమించాలి. చిన్నరాజు ఇంక లేడండి. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. ఆ వేషం ఎప్పుడో విప్పాల్సింది. మేమే విప్పనివ్వలేదు. అంతేనండి."

తరవాత మగవాళ్ళ పక్కనుంచి గోల, ఒకడు చెప్పు తీసి ఊపడం, కుర్రాళ్ళ ఈలలు. అప్పారావు స్టేజీ మీదికి పరుగెత్తుకొచ్చి బుచ్చయ్య చెయ్యి పట్టి లాగాడు. ముందు వరసలో వీరరాఘవయ్య కండువా భుజాన వేసుకుని లేచాడు. ఆయన లేస్తే పెద్దలంతా లేస్తారు. అందరూ లేస్తే ఆట లేనట్టే.

"కూర్చోండి" అంది సీతారావమ్మ.

"ఏంటీ?"

"కూర్చోండి. అన్నేళ్ళు కూర్చుని చూశాంగా. ఇప్పుడు కాస్సేపు చూస్తే ఏం పోతుంది? ఆ పిల్ల ఏం చేసుకుంటుందో చేసుకోనివ్వండి."

ఆవిడ భర్త వైపు చూడకుండానే, కొంగు నిండా కప్పుకుని, కుర్చీలో ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చుంది. వీరరాఘవయ్య అటూ ఇటూ చూసి, చివరికి కూర్చున్నాడు.

టార్పాలిన్ చాటున పార్వతి ముడి విప్పలేకపోయింది. అది చెమటకి బిగుసుకుపోయింది. వెంకాయమ్మ నడుం దగ్గర దోపుకున్న కాయల కత్తి తీసి గుడ్డని నిలువునా చీల్చింది. పార్వతి వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, లోపలికంటా గాలి పీల్చింది. దగ్గొచ్చింది. మళ్ళీ పీల్చింది. ఎర్ర జాకెట్టు, చమ్కీల గౌను తొడుక్కుని, జడ విప్పుకుని, "పెట్టండి" అంది డేవిడ్ రాజుతో.

పాట మొదలైంది. నిన్న ప్రాక్టీసులో వచ్చినంత బాగా రాలేదు. మొదటి చరణంలో ఒక అడుగు తడబడింది. ఆడవాళ్ళ పక్కన చాలామంది మొహాలకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. కొందరు పిల్లల్ని లేపుకుని వెళ్ళిపోయారు. ఈలలు వచ్చాయి. ఆమెకి వినపడకపోలేదు, విన్నది. నడుం తిప్పింది, భుజాలు ఊపింది, కన్ను గీటింది, అన్నీ చేసింది. రెండో చరణంలో వెనకనుంచి ఎవడో "చిన్నరాజా! ఇటు అడుగెయ్యి!" అని అరిచాడు. జనం గొల్లుమన్నారు. పార్వతి కాలు ఆగింది. పాట ఆమెని దాటి కొంచెం ముందుకెళ్ళిపోయింది. ఆమె ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి, నిదానంగా, జనం మొహాల్లోకి సూటిగా చూస్తూ రెండడుగులు ముందుకు వేసి, పాటని మళ్ళీ అందుకుంది. ఆ తరవాత తడబడలేదు. పాట అయ్యాక కుర్రాళ్ళు చొక్కాలు తీసి గాల్లోకి ఎగరేశారు. సీతారావమ్మ చప్పట్లు కొట్టలేదు. లేచి వెళ్ళనూ లేదు.

సోమవారం పొద్దున వ్యాను సర్దుతున్నప్పుడు అప్పారావు హార్మోనియం పెట్టె తీసి కింద పెట్టాడు.

"మేస్టారూ, మీరింక ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి. నాకు కుదరదు."

బుచ్చయ్య తల ఊపాడు. చింతలపూడిలో ఆయన చిన్న చెల్లెలు, పార్వతి పిన్ని, ఉంది. పార్వతి పెట్టె ఒక పక్క పట్టుకుని, "పద, రోడ్డు దాకా" అంది. అప్పారావు అడ్డం వచ్చాడు. "సాయంత్రం చాట్రాయిలో ప్రోగ్రాం. నువ్వెక్కడికి?"

"ఈయన్ని బస్సెక్కించి, అదే బస్సులో చాట్రాయిలో దిగుతాను. మీరు పదండి."

అతను పక్కకి తప్పుకున్నాడు. రాత్రి ఆ జనాన్ని అతనూ చూశాడు.

ఇద్దరూ పెట్టెని చెరో పక్కా పట్టుకుని తోటలోంచి నడిచారు. చిక్కాలు కట్టిన గడకర్రలతో కాయ కోస్తున్నవాళ్ళు చెట్ల మీదనుంచి చూశారు. రోడ్డు మీదికి వచ్చాక, పెట్టె దించి, బుచ్చయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆ గుడ్డ కట్టింది నేనేనని ఆవిడకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నిన్నొక్కణ్ణే తిట్టేది. చూసి చప్పట్లు కొట్టినవాళ్ళంతా తప్పించుకునేవాళ్ళు."

"నేనే కట్టాను గదా."

"నువ్వే కట్టావు" అంది పార్వతి. ఆమె గొంతులో కోపం లేదు. క్షమించినట్టూ లేదు. "నువ్వే రాత్రి లేచి నూనె రాసేవాడివి. రెండూ గుర్తున్నాయి నాకు."

బుచ్చయ్య తలొంచుకున్నాడు. "ఈ డాన్సులు మాత్రం ఎన్నాళ్ళే?" అన్నాడు.

"ముప్పై వచ్చేసరికి వీళ్ళే వద్దంటారు. అప్పటిదాకా నా వయసు నాదే కదా. తరవాత సంగతి తరవాత."

బస్సు వచ్చింది. ఎక్కడా చోటు లేదు. హార్మోనియం పెట్టెని ఇంజను పక్కన పెట్టి, దాని మీద చెరో చివరా కూర్చున్నారు. కండక్టరు టికెట్ల చెక్క చంకలో పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఎక్కడికండీ?" అన్నాడు.

"చాట్రాయి ఒకటి, చింతలపూడి ఒకటి..." బుచ్చయ్య జేబులో చెయ్యి పెట్టి, పరధ్యానంగా, అలవాటు కొద్దీ అనేశాడు. "చాట్రాయిది అర టికెట్టు."

కండక్టరు పెట్టె చుట్టూ చూశాడు. "పిల్లలెవరండీ?"

పార్వతి కిటికీ వైపు తిరిగి ఉంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో, ఏడుస్తోందో బుచ్చయ్యకి కనిపించలేదు.

"పిల్లలెవరూ లేరు బాబూ" అన్నాడు. "రెండూ ఫుల్లే ఇవ్వు."